వినువారెందఱు?



2024వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీన కేంద్ర మంత్రివర్గము, అంతవఱకు ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో ఎఱుగని 234 పట్టణములలో 730 ఛానెళ్ళకు వేలము జరుపుటకు అనుమతి నిచ్చినపుడు, ఆంధ్రప్రదేశమునకు దక్కిన 22 పట్టణముల పట్టికలో కడపతోపాటు ప్రొద్దుటూరి పేరును కనిపించినది. వేలములో ఎవరు పాడుదురు, ఎవరి గొంతు ఎప్పుడు మన యూరిలో మ్రోగును అనునది అటుంచి, అట్టి స్టేషను ఏనాడు వచ్చినను, దాని ప్రకటనలకై తిరుగు గుమాస్తా ప్రొద్దుటూరి బంగారపు అంగళ్ళలో మొట్టమొదట ఎదుర్కొనవలసిన ప్రశ్న మాత్రము నాకిప్పుడే వినబడుచున్నది: "సరే గానీ అన్నా, మీ రేడియో ఎంతమంది ఇంటారు?" రవ్వంత పసిడినైనను త్రాసులో వేయక ముట్టని వర్తకుడు, గాలిలో పోవు మాటకు వెల కట్టుటకు ముందు ఈ ప్రశ్న అడుగుట న్యాయమే. దీనికి సమాధానమెట్లు దొరకును, ఇన్నాళ్ళుగ ఏల దొరకకున్నది అనునదే నేటి నా ప్రసంగ విషయము.

ఈ ప్రశ్నకు బదులు లేకపోవుట రాబోవు స్టేషను యొక్క కష్టము మాత్రమే కాదు. కడప ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. 900 కిలోహెర్ట్జుల మీద, అనగా మీటర్లలో చెప్పు పాత లెక్క ప్రకారము 333.3 మీటర్ల మీద, ముల్లు నిలిపి సీమలో ఒక తరమునకు తరమే పెరిగినది. ఐనను, ప్రొద్దుటూరిలో ఉదయపు ప్రాంతీయ వార్తలను ఎందఱు విందురు, జమ్మలమడుగులో పాడిపంటల ముచ్చట్లకు ఎందఱు చెవి యొగ్గుదురు, పులివెందులలో రాత్రి నాటకము ముగియువఱకు మేలుకొని యుండువారెందఱు అను సంఖ్యలు, సినిమా వసూళ్ళవలె వారము వారము వెలువడిన కాలము లేదు. ఆకాశవాణిలో శ్రోతలను గుఱించి పరిశోధించు విభాగము 1946 నుండియు ఉన్నమాట నిజమే. కాని అది అప్పుడప్పుడు ఒక ప్రాంతమునో, ఒక కార్యక్రమమునో పరిశీలించు పని కాని, అంగడివాడు కోరు నిత్య గణనము కాదు. అట్టి నిత్య గణనము 2007లో టామ్ మీడియా రీసెర్చి అను సంస్థ 'రామ్' అను పేర ప్రారంభించినది. ఎన్నుకొన్న మనుష్యులకు డైరీలిచ్చి, దినమును పావుగంటలుగ విభజించి, ఏ పావుగంటలో ఏ స్టేషను వినిరో వారిచేతనే వ్రాయించు పద్ధతి యిది. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, కోల్‌కతా అను నాలుగు నగరములకే అది పరిమితమైనది. ఒక్కొక్క నగరమునకు 480 మంది. హైదరాబాదునకే ఆ పంక్తిలో విస్తరి వేయనపుడు ప్రొద్దుటూరి మాట చెప్పనేల? 2016లో టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్, రేడియో శ్రోతల గణనము ఎట్లు జరుగవలెనో ప్రత్యేకముగ సిఫారసులు చేయవలసి వచ్చినదనిన, ఆ పని యెంత కొఱతగ నున్నదో ఊహింపవచ్చును.

దీనికి పెద్ద నగరములవారి అలక్ష్యమే కారణమని నిందించుట సులభము. నేనట్లు తలచుట లేదు. అసలు కారణము గణితములో నున్నది. అదియును మొదట వినుటకు విపరీతముగ తోచు గణితము. కోటిమందికి మించిన ముంబయిలో నాలుగువందల మందిని సరిగా ఎన్నుకొని ప్రశ్నించినచో ఊరి తీరు తెలియుననిన, 2011 జనాభా లెక్కలలోనే లక్షన్నర దాటిన మన ప్రొద్దుటూరిలో పదిమందిని పిలిచి అడిగిన చాలునని ఎవరికైనను తోచును. చాలదు. ఇక్కడను ఇంచుమించు ఆ నాలుగువందల మందియే కావలెను. ఎందఱిని ప్రశ్నింపవలెనను సంగతి ఊరి జనసంఖ్యను బట్టి కాక, ఎంత పొరపాటును మనము సహింపగలమను దానిని బట్టి నిర్ణయమగును. ప్రొద్దుటూరి కంసాలికి ఈ మర్మమును వేఱుగ బోధింపనక్కఱలేదు: ముక్కుపుడకయైనను వడ్డాణమైనను ఒరగల్లు మీద గీయు గీటు ఒక్కటే, నగ బరువు హెచ్చినంతమాత్రమున గీటు పొడవు హెచ్చదు.

కావున వ్యయము రెండు చోట్లను ఒక్కటే. దానిని భరించు చేతులే వేఱు. మహానగరములో ఆ నాలుగువందల గడపలు త్రొక్కు ఖర్చును అనేక స్టేషనులు, అసంఖ్యాకులైన ప్రకటనదారులు పంచుకొందురు. మనకో, ప్రొద్దుటూరికి నాలుగువందలు, జమ్మలమడుగునకు మఱి నాలుగువందలు, పులివెందులకు వేఱొక నాలుగువందలు కావలెను. ఏలయనగా ఒక యూరి వినికిడి మఱియొక యూరికి సాక్ష్యము కాజాలదు. ఈ పండ్రెండువందల మందిని వెదకి ప్రశ్నించుటకగు సొమ్ము, ఆ మూడూళ్ళలో స్థానిక ప్రకటనలవలన వచ్చు సొమ్మును మ్రింగివేసిన మ్రింగివేయవచ్చును. చిన్న యూళ్ళకు రేటింగు లేకపోవుటకు ఇంతకు మించిన కుట్ర యేమియు లేదు.

ఇంతచేసియు ఆ నాలుగువందలు మనకేమి చెప్పునో కొంచెము చూడుడు. సగముమంది రేడియో విందుమనిరనుకొందము. ఆ సగము ఇటు ఐదు శాతము, అటు ఐదు శాతము కదలుచుండును. అది సహింపదగినదే. కాని ఒక కార్యక్రమమును నూటికి నలుగురు విందురని తేలినదనుకొందము. నాలుగువందలలో వారు పదునాఱుగురు. నిజముగ నూటికి ఇద్దఱే వినుచుండవచ్చును, ఆఱుగురును వినుచుండవచ్చును. ఆ పదునాఱుగురిని చూచి రెంటిలో ఏదియో మనము తేల్చి చెప్పజాలము. వచ్చినవారము పదునాఱు పండ్రెండైనదని నిర్వాహకుని మందలించుటయు, ఇరువదియైనదని దండ వేయుటయు సమానమైన అవివేకములు. రేటింగుల లోకములో ఈ అవివేకము నిత్యకృత్యమని మాత్రము వినయముగ మనవి చేయుచున్నాను.

గణనము లేని దినములలో పూర్వులకు రెండు ఆధారములుండెడివి. మొదటిది లైసెన్సు. రేడియో పెట్టె గలవాడు ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకమున ముద్ర వేయించుకొనవలసి యుండెడిది. 1980 దశకములో ఆ రుసుములు రద్దగువఱకు, ఊరిలో ఎన్ని పెట్టెలున్నవో పోస్టుమాస్టరు చెప్పగలిగెడివాడు. తనిఖీదారు వచ్చుచున్నాడనిన ఎన్ని పెట్టెలు ధాన్యపు గాదెల చాటునకు పోయినవో మాత్రము ఆయన చెప్పలేకుండెడివాడు. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. పంచాయతీ కార్యాలయపు రేడియోకు లైసెన్సు ఒక్కటే. గోడమీది లౌడుస్పీకరు క్రింద అరుగులమీద చేరినవారు ఊరిలో సగము మంది. పెట్టెలను లెక్కించుట చెవులను లెక్కించుట కాదు.

రెండవ ఆధారము ఉత్తరము. దీనిని గుఱించి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయనగా నేటికిని మన స్థానిక కేంద్రములు నమ్ముకొన్న కొలబద్ద యిదియే. రేడియో సిలోనులో అమీన్ సయానీ 1952లో చేపట్టిన 'బినాకా గీత్‌మాలా'కు ఉత్తరములు బస్తాలకొలది వచ్చినవి. అదే కేంద్రమునుండి మీనాక్షీ పొన్నుదురై వినిపించిన తెలుగు పాటలకొఱకు ముల్లు త్రిప్పినవారు మన పల్లెలలో ఇప్పటికిని కలరు. ఇక హిందీలో కోరిన పాటలు విన్నవారికెల్ల ఝుమ్రీ తలైయా అను పేరు సుపరిచితము. నేటి ఝార్ఖండు రాష్ట్రములోని అబ్రకపు గనుల సీమలో అది యొక చిన్న పట్టణము; కాని అక్కడి జనము పాటలు కోరుచు వ్రాసిన కార్డులు ఎంత విస్తారముగ నుండెడివనిన, అట్టి యూరు నిజముగ నున్నదా, లేక అనౌన్సర్లు కల్పించిన పేరా యని సందేహించినవారును ఉండిరి. ఉత్తరములను బట్టి భారతదేశపు శ్రోతల పటము గీయబూనినచో ఆ చిన్న యూరు మహానగరముల సరసన కూర్చుండును. అది అసత్యమనరాదు, అక్కడివారికి పాటమీద అంత ప్రీతి యుండెను. కాని ప్రీతి వేఱు, సంఖ్య వేఱు.

మన కడప సీమ కార్డులను మాత్రము తక్కువ యెంచవలదు. పాట కోరినవాని పేరు, పిమ్మట అతని భార్య పేరు, బిడ్డల పేర్లు, ఆ పిమ్మట బావమఱది, పక్కింటివారు, చివఱకు ఫలానా గ్రామ శ్రోతల సంఘ సభ్యులందఱు — ఒక్క పోస్టుకార్డు మీద ఇరువది పేర్లు ఇమిడ్చిన లేఖకులు మనలో ఉండిరి. ఆ ఇరువదిమందిలో పాట వచ్చినవేళ రేడియో వద్ద నున్నవారెందఱో కార్డు చెప్పదు. ఇటు కార్డు వ్రాయక, పాట వినుచు మగ్గము నేయుచు కూర్చుండిన వేలమంది సంగతియు చెప్పదు. నేడు కార్డునకు బదులు ఫోను వచ్చినది, వాట్సాప్ సందేశము వచ్చినది. వ్రాయువాడు మాత్రము వాడే. నాలుగు దినములు వరుసగ ఒకే గొంతు ఫోనులో పలికినపుడు అనౌన్సరు ఆత్మీయముగ పేరు పెట్టి పలుకరించుట ముచ్చటగనే యుండును. ఆ ముచ్చటను జనాభాగ లెక్కింపరాదు. ఫోను యాప్‌లో ఆకాశవాణి వినువారిని యంత్రమే లెక్కించును గదా యందురు. లెక్కించును, ఆ యాప్ గలవారిని మాత్రమే.

విదేశములలో ఈ విషయమున జరిగిన కృషి సంగ్రహముగ చెప్పెదను. అమెరికాలో 1930లో ఆర్చిబాల్డ్ క్రాస్లీ టెలిఫోను చేసి, గడచిన దినమున ఏమి వింటిరని అడుగు పద్ధతిని తెచ్చెను; టెలిఫోను లేని ఇల్లు ఆ లెక్కలో లేనే లేదు. 1942 నుండి నీల్సన్ సంస్థ రేడియో పెట్టెకే ఒక యంత్రమును తగిలించి, ముల్లు ఎక్కడ నిలిచినదో నమోదు చేయించెను. పెట్టె పలికినదని అది చెప్పగలదు కాని, గదిలో మనిషి యుండెనా యనునది చెప్పజాలదు. ఇంగ్లండులో బి.బి.సి. 1936లో రాబర్ట్ సిల్వీ అను నతనిని ఇందుకే నియమించెను. 1939 డిసెంబరు నుండి ఆ సంస్థ మనుష్యులు ప్రతిదినము దాదాపు 800 మందిని కలిసి, నిన్నటి దినము వారు వినిన దానినే అడిగి వ్రాసికొనిరి. నాకు ఈ మూడింటిలో చివరిదే మన వీధులకు పనికివచ్చునని తోచుచున్నది. దానికి యంత్రమక్కఱలేదు, టెలిఫోను అక్కఱలేదు. శ్రోతకు అక్షరజ్ఞానముకూడ అక్కఱలేదు. కావలసినదెల్ల అడుగువాని ఓపిక.

మన దేశములో జరిగిన పరిశోధనలలో నేను అన్నిటికంటె మిన్నగ నెంచునది 1956 నాటి పుణె ప్రయోగము. యునెస్కో సహాయముతో ఆకాశవాణి నాటి బొంబాయి రాష్ట్రములోని ఐదు జిల్లాలలో 150 గ్రామములను ఎన్నుకొని, ఒక్కొక్క గ్రామములో రైతుల గోష్ఠి నొకదానిని ఏర్పఱచి, వారమునకు రెండు చొప్పున 20 ప్రసారములు వినిపించెను. వినిన పిమ్మట రైతులు చర్చించి, తమ సందేహములను కేంద్రమునకు పంపవలెను. కేంద్రము మఱల వానికి ప్రసారములో బదులు చెప్పవలెను. దీనిని పరిశీలించిన సామాజిక శాస్త్రజ్ఞుడు పాల్ న్యూరత్, ఎందఱు వినిరని లెక్కించుటతో తృప్తి చెందలేదు. గోష్ఠి గల గ్రామములను, రేడియో ఉండియు గోష్ఠి లేని గ్రామములను, రేడియోయే లేని గ్రామములను వేఱు వేఱుగ తీసికొని, ప్రసారములకు ముందు కొన్ని ప్రశ్నలు, ముగిసిన పిమ్మట మఱల ఆ ప్రశ్నలే వేయించి, ఎవరి తెలివిడి ఎంత పెరిగినదో పోల్చి చూపెను. గోష్ఠి గల గ్రామములవారి జ్ఞానమే స్పష్టముగ హెచ్చినది. రేడియో పెట్టె ఒంటరిగ అంత పని చేయలేకపోయినది. 1959లో ఈ గోష్ఠులు దేశమంతట వ్యాపింపజేయబడినవి. ప్రకటనలమ్ము స్టేషనుకు ఈ పద్ధతి పనికిరాదు, నిజమే. కాని మందులు చల్లుటను గుఱించియో, పసిబిడ్డల టీకాలను గుఱించియో ప్రసంగము చేయించు కేంద్రమునకు, 'ఎందఱు వినిరి' అనుదానికంటె 'వినినవారికేమి మిగిలినది' అను ప్రశ్న ముఖ్యము గాదా?

ఇప్పుడు మన మూడూళ్ళకు వచ్చెదము. నాలుగువందల మందిని ప్రశ్నింపబూనినవాడు ఎక్కడెక్కడికి పోవలెను? ప్రొద్దుటూరిలో మెయినుబజారు వీధిలో నిలిచి వచ్చిపోవువారిని అడిగినచో, అది అంగళ్ళవారి రేడియో అగునే కాని ఊరి రేడియో కాదు. వార్డు వార్డునకు పోయి, ఇండ్ల వరుసలో ఇన్నింటికొకటి యని ముందే నియమము పెట్టుకొని, ఆ గడపలో అప్పుడెదురైనవారిని కాక, ఇంటిలోని పెద్ద, పిన్న, ఆడ, మగ అందఱినుండి చీటి వేసి ఒకరిని ఎంచి ప్రశ్నింపవలెను. ఎదురైనవారినే అడిగినచో పగటిపూట ఇంటనుండు వృద్ధులే శ్రోతలని తేలును. మగ్గపు గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న నేతగానికి ఉదయమునుండి రాత్రివఱకు ప్రక్కనున్న రేడియోయే తోడు. కాని అతడు దానిని వినుచున్నాడా, లేక మగ్గము చప్పుడులో అది మఱియొక చప్పుడా యని నెమ్మదిగ అడిగి తెలిసికొనవలెను. జమ్మలమడుగు చుట్టుపట్ల నల్లరేగడిలో బుడ్డశనగ కోతల కాలమున రైతు ఇంట దొరకడు. పులివెందుల ప్రాంతమున చీనీతోటకు నీరు కట్టువాని రేడియో అతని జేబులోని ఫోనులో నుండును. టీ అంగడిలో, క్షౌరశాలలో, బస్సులో మోగు రేడియోను ఎవరును 'మాది' యనరు. అందుచేత 'మీ ఇంట రేడియో ఉన్నదా' యని మొదలుపెట్టిన ప్రశ్నకు 'లేదు' అని తలుపు వేయుదురు. నిన్న తెల్లవాఱి పాలు పితికిన వేళ ఏమి వినబడినది, బడికి పిల్లలను పంపిన వేళ ఏమి, అన్నము తినిన వేళ ఏమి యని పనుల వెంట పోవలెను. గడియారమును బట్టి అడిగిన జ్ఞప్తికి రానిది, పనిని బట్టి అడిగిన జ్ఞప్తికి వచ్చును.

వారమును ఎన్నుకొనుటయందును జాగ్రత్త వలయును. ప్రొద్దుటూరిలో దసరా నవరాత్రులలో గణనము చేసినవాడు ఆ సంవత్సరమంతటికి పనికిరాని సంఖ్యను సంపాదించును. అమ్మవారిశాల ముందు ఊరంతయు చేరియుండగా ఇంటిలో రేడియోకు దిక్కెవరు? అట్లే రంజాను మాసములో ఉర్దూ మాట్లాడు ఇండ్లలో నిద్రాభోజనముల వేళలే మాఱిపోవును. మఱియు, మీడియం వేవు వినబడినచోట ఎఫ్.ఎం. వినబడవలెనన్న నియమము లేదు. ఎఫ్.ఎం. తరంగము చూపు సాగినంత మేఱ సాగునదగుటచేత, నడుమ కొండ అడ్డు వచ్చిన పల్లెలో 'వినుట లేదు' అనగా ఇష్టము లేదని అర్థము కాదు. అక్కడ తప్పు కార్యక్రమముది కాదు, కొండది.

లెక్క తేలిన పిమ్మటకూడ మాటలతో మాయచేయువారు కలరు గనుక, రెండు సంఖ్యల భేదము చెప్పవలసియున్నది. ఊరిలో నూఱుమందికి ఎందఱు వినిరనునది రేటింగు. ఆ వేళ రేడియో వినుచున్నవారిలో ఎందఱు మా స్టేషను వినిరనునది వాటా. రాత్రి పదునొకండు గంటలకు నూటికి ఇద్దఱే మేలుకొని రేడియో వినుచుండి, అందొకడు మా స్టేషను పెట్టినచో, మా వాటా యాబది శాతమని చాటుకొనవచ్చును. అది అసత్యము కాదు. కాని నగల అంగడివానికి ఆ యాబదిని అమ్మజూపువాని వద్ద, మొత్తము వినువారెందఱని ఎదురు ప్రశ్న వేయవలెను.

ప్రొద్దుటూరిలో ఉపాధ్యాయులుగ నుండిన పుట్టపర్తి నారాయణాచార్యులవారి శివతాండవమును ఒక సాయంకాలము రేడియోలో చదివించిరనుకొందము. నూటికి ఒక్కరే వినిరనుకొందము. నాలుగువందలలో వారు నలుగురు. రేటింగు పట్టికకు ఆ నలుగురు ఉన్నను లేకున్నను ఒక్కటే. కాని లక్షన్నర జనములో నూటికొక్కరనిన పదునైదువందల మంది! మన యూరిలో ఏ సాహిత్యసభకైనను పదునైదువందల మంది వచ్చినచో నిర్వాహకులు కుర్చీలకొఱకు పరుగెత్తవలసివచ్చును. సంఖ్య తక్కువయని కార్యక్రమమును తీసివేయువాడు ఈ రెండవ లెక్కను కూడ ఒకసారి వేసి చూడవలెనని నా కోరిక. జహీరాబాదు వద్ద మాచనూరులో 2008 నుండి పల్లె స్త్రీలే నడుపుచున్న సంఘం రేడియో వంటి చిన్న కేంద్రములకు ఈ బాధ తక్కువ. అక్కడ మాటాడునామెయు వినునామెయు మఱునాడు చేలో కలిసికొందురు.

ఈ పనికి మహానగరముల సంస్థలు వచ్చునని ఎదురుచూచుట వ్యర్థము. ప్రొద్దుటూరిలో కళాశాలలున్నవి, సంఖ్యాశాస్త్రము చదువు పిల్లలు, తెలుగు చదువు పిల్లలు కలిసినచో నాలుగువందల గడపలు పదిదినముల పని. ఒక్క సంగతి మాత్రము వారికి ముందే చెప్పవలెను. మన సీమలో వాకిటికి వచ్చి అడిగినవానిని నొప్పించుట మర్యాద కాదు; రేడియో గుఱించి అడుగుటకు వచ్చిన పిల్లవానికి మజ్జిగ ఇచ్చి, "ఇంటాం నాయనా, దినామూ ఇంటాం" అని అతని సంతోషమునకే చెప్పు అవ్వలు ఇంటింట ఉందురు. అందుచేత 'వింటిరా' యని అడుగక, 'ఏమి వింటిరి, అందులో ఎవరు మాటాడిరి' యని అడుగవలెను. శ్రోతలగు మీరును, వినని దినమున వినలేదనియే చెప్పుడు, ఎవరును చిన్నబుచ్చుకొనరు.

ఈ గణనము ఎప్పుడు జరుగవలెననిన, క్రొత్త స్టేషను గొంతు విప్పక ముందే ఒకసారి, విప్పిన ఏడాదికి మఱియొకసారి జరుగవలెను. అప్పుడు పాత శ్రోత క్రొత్తదాని వెంట పోయెనా, లేక అంతవఱకు రేడియో ముట్టనివాడు క్రొత్తగ వచ్చి చేరెనా అనునది తెలియును. మొదటిసారి జరుపక, రెండవసారి ఎంత ఘనముగ జరిపినను ఆ సంగతి తెలియు మార్గము లేదు.